పశువులతో సంబంధం: లేదు

కంటికి కనబడని వాటిని చూసి పేరు చెప్పడం నా ఉద్యోగం. కదిరి వైపు ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ల్యాబ్ నాది. గది ఇరుకే, మైక్రోస్కోపు పాతదే. కానీ నా సంతకం ఉన్న రిపోర్టు చూస్తే అనంతపురంలో పెద్ద డాక్టర్లు కూడా మళ్లీ అదే పరీక్ష రాయరు. గొప్పలకు చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే చెబుతున్నాను, ముప్పై ఏళ్లు చేసిన పనికి ఆ మాత్రం హక్కు ఉండదా?

నాకు ఒళ్లు మండేది మాటల దగ్గరే. కరోనా వచ్చిపోయాక మా వైపు ప్రతి జబ్బూ వైరస్సే. గజ్జి వైరస్, విరేచనాలు వైరస్, కాలి మీద పుండు వైరస్. "మేడమ్, మా వానికి వైరస్ ఉండాదంట, యాంటీబయాటిక్ రాయించండి" అని కిటికీలోంచి తల పెట్టిన వాళ్లను పాఠం చెప్పకుండా పంపేదాన్ని కాదు. బ్యాక్టీరియా తనంతట తాను బతికే జీవి నాయనా, తిండీ వెచ్చదనం దొరికితే గాజు సీసాలో కూడా పెరుగుతుంది. వైరస్‌కు ఆ శక్తి లేదు, ఇంకో జీవి కణంలోకి దూరితేనే పెరుగుతుంది. యాంటీబయాటిక్ మొదటిదాన్ని చంపుతుంది, రెండోదాని జోలికి పోదు. గజ్జి ఈ రెండూ కాదు, తోలు కింద దూరే పురుగు. తామర బూజు జాతి, దాన్ని ఫంగస్ అంటారు. క్రిమి ఒంట్లో చేరి పెరిగితే ఇన్ఫెక్షన్, దానివల్ల ఒళ్లు పాడైతే జబ్బు. చేరినంత మాత్రాన అందరికీ జబ్బు రాదు. ఇంతా విని వాళ్లు తల ఊపి, "అయితే వైరస్ ఉండాదా లేదా మేడమ్?" అని అడిగేవారు.

డాక్టర్లను కూడా వదిలేదాన్ని కాదు. క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్ష రిపోర్టులో నేను "పెరుగుదల లేదు" అని రాస్తే, అది చూసి పేషెంటుతో "నీ రక్తంలో క్రిములు లేవు" అనేవాళ్లున్నారు. రెండూ ఒకటి కాదు. నేనిచ్చిన తిండి మీద, నేనిచ్చిన రోజుల్లో ఏదీ పెరగలేదు, నేను రాసింది అంతవరకే. ఈ తేడా తెలియని డాక్టర్ల మీద క్యాంటీన్‌లో చాలాసార్లు విసుక్కున్నాను. ఆ తేడా నాకే తెలియలేదని మా అక్క జబ్బు పడ్డప్పుడు తేలింది.

మా అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. నల్లమాడ దగ్గర పల్లెలో ఉంటుంది. వరసగా వానలు ఎగ్గొట్టి వేరుశనగ పోయినప్పుడు చేను బీడు పెట్టి గొర్రెలు కొనింది. బావ పంచాయతీ రాజకీయాల్లో తిరుగుతుంటాడు, మంద మొత్తం అక్కదే. పొద్దున మంద తోలుకుని గుట్ట ఎక్కితే సాయంత్రం దిగేది. ఊర్లో ఆమె నడకతో సమానంగా నడిచే మగవాడు లేడు.

ఆ ఏడు ఉగాది అయ్యాక ఆమెకు జ్వరం మొదలైంది. సాయంత్రానికి చలి, తెల్లారేసరికి పక్కబట్టలు తడిసేంత చెమట. వారం ఉండి పోయేది. హమ్మయ్య అనుకునేలోపల మళ్లీ వచ్చేది. మా ఆసుపత్రికి తీసుకొచ్చాను. రక్తం నేనే తీశాను, టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ పరీక్ష నేనే చేశాను. అది క్రిమిని చూపించే పరీక్ష కాదు. క్రిమి మీద ఒళ్లు తయారు చేసుకున్న ఆయుధాలను, అంటే యాంటీబాడీలను చూపించే పరీక్ష. పాత ఆయుధాలు కూడా అందులో కనబడతాయి. పాజిటివ్ వచ్చింది. టైఫాయిడ్ అన్నాను. మందు వాడింది, తగ్గింది, తిరగబెట్టింది. మళ్లీ పరీక్ష, మళ్లీ టైఫాయిడ్. మూడోసారి కూడా ఆ మాటే అనేసరికి అక్క నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమ్మే, నీ మిషన్‌కు టైఫాయిడ్ తప్ప ఇంగో మాట రాదా?"

"మిషన్ కాదక్కా, చేత్తోనే చేస్తా."

"అయితే నీ చేతికే రాదు ఇంగో మాట."

నవ్వాను కానీ లోపల కాలింది. కల్చర్ చేద్దామన్నాను. కల్చర్ అంటే ఏమిటని అడిగింది. రక్తాన్ని తిండి ఉన్న సీసాలో పోసి, ఒంటి వేడికి సరిపడా వేడిలో పెట్టి, అందులో ఉన్నదాన్ని పెరగనివ్వడం అని చెప్పాను. "పాలు తోడేసి పెట్టినట్ల" అంది. అంతే. ఐదు రోజులు పెట్టాను. ఐదు రోజులు అన్నది మా ల్యాబ్ నియమం. మామూలు క్రిములన్నీ ఆలోపే బయటపడతాయి. ఐదో రోజు సీసాలో ద్రవం తేటగా ఉంది. "పెరుగుదల లేదు" అని రాసి, సీసాను ఆటోక్లేవ్‌లో వేసి ఆవిరికి ఉడికించి పారేశాను.

వర్షాకాలం వచ్చేసరికి అక్క నడుము పట్టేసింది. మంచం మీద నుంచి లేవాలంటే తాడు పట్టుకుని లేచేది. మందను పక్కింటాయన తోలుకుపోతున్నాడు. గొర్రెలు గుట్ట ఎక్కుతుంటే ఈమె అరుగు మీద కూర్చుని గోడ వైపు తిరిగేది. అది చూడలేకపోయాను. స్కాన్ తీయిస్తే వెన్నుపూసల మధ్య వాపు ఉందన్నారు. మా డాక్టరమ్మ నెమ్మదస్తురాలు, తొందరపడి మాట అనదు.

"వెన్ను టీబీ అనుకుంటున్నాను. ఇంకొక్కసారి కల్చర్ చేయండి. ఈసారి కూడా ఏమీ రాకపోతే సోమవారం టీబీ మందులు మొదలుపెడదాం. ఏడాది వాడాలి," అంది.

వెన్ను టీబీ అయితే అవే మందులు బతికిస్తాయి. కాకపోతే ఏడాదిపాటు వేరే జబ్బు మందులు మింగుతూ, అసలు జబ్బు వెన్నును తింటుంటే చూస్తూ ఉండాలి. అక్క మళ్లీ నడుస్తుందా లేదా అన్నది ఇప్పుడు ఆ సీసా మీద ఉంది. మంగళవారం రక్తం తీసి పెట్టాను. ఆదివారానికి ఐదు రోజులు.

ఆ ఆదివారం నాకు సెలవు. ల్యాబ్‌లో నాతోపాటు పనిచేసే అన్న, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, డ్యూటీలో ఉన్నాడు. పొద్దున్నే ఫోన్ చేసి సీసా ఇంకా తేటగానే ఉందని చెప్పాడు. సోమవారం మందులు మొదలని అక్కకు నోటితో చెబుదామని పల్లెకు బస్సెక్కాను.

మంచం మీద అక్క లేదు. జ్వరం వదిలిన రోజేమో, గోడ పట్టుకుంటూ గొర్రెల దొడ్డిలోకి పోయింది. ఒక గొర్రె ఈనలేక పడుకుని ఉంది. అక్క ఒక చేయి నడుముకు ఆనించి, మోకాళ్ల మీద కూర్చుని, రెండో చేత్తో పిల్లను లాగుతోంది. పిల్ల బయటకొచ్చింది కానీ ఊపిరి లేదు. అక్క దాని మూతి పైటతో తుడిచి, ముక్కుకూ నోటికీ కలిపి తన నోరు పెట్టి చీమిడి పీల్చి ఉమ్మేసింది. తర్వాత గాలి ఊదింది. మళ్లీ ఊదింది. నాలుగోసారికి పిల్ల కాళ్లు కొట్టుకుని దగ్గింది.

ఇది నాకు వింత కాదు. మా అమ్మ ఇట్లాగే చేసేది, చిన్నప్పుడు నేనూ ఒకసారి చేశాను. మా వైపు మంచి కాపరి అంటే చచ్చిన పిల్లకు ఊపిరి పోసేవాడే. అందుకే చూస్తూ నిలబడ్డాను, మా అక్క అని గర్వపడుతూనే.

అక్క పైటతో నోరు తుడుచుకుంది. "దీన్నన్నా దక్కించుకుంటి. ఈ ఏడు నాలుగు ఈసుకపోయినాయి."

ఈసుకపోవడమంటే నెలలు నిండకముందే కడుపు పోవడం.

"నాలుగా? ఎప్పుడు?"

"ఉగాదికి ముందర. అన్నీ వరసగా. మాయ పడకుంటే నేనే చెయ్యి పెట్టి తీస్తి."

గొర్రెలు వరసగా ఈసుకపోవడం, మాయలో, అంటే పిల్ల వెనక పడే మావిలో, ఒట్టి చేతులు, తర్వాత వచ్చిపోయే జ్వరం, ఆపైన నడుము. చదువుకునే రోజుల్లో ఈ నాలుగు ముక్కలూ ఒకే పేజీలో చదివాను. బ్రూసెల్లా. పశువుల నుంచి మనిషికి వచ్చే బ్యాక్టీరియా. పశువుల్లో దాన్ని ఈసుడు రోగం అంటారు. మనిషి రక్తంలో ఉన్నా సీసాలో తొందరగా పెరగదు. పది రోజులు, ఒక్కోసారి మూడు వారాలు పడుతుంది. నేను ఐదో రోజుకే ఉడికించి పారేస్తున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది కల్చర్ ఫారం. రక్తంతోపాటు నింపాల్సిన కాగితం అది. అందులో ఒక గడి ఉంటుంది: పశువులతో సంబంధం ఉందా, లేదా? అక్కను అడగలేదు. అడగాల్సిన అవసరమే కనబడలేదు. రెండుసార్లూ నా చేత్తోనే "లేదు" అని రాశాను. గొర్రెల మధ్య పుట్టి, గొర్రెల మధ్య బతుకుతున్న మనిషికి, గొర్రెలు మేపే ఇంట్లోనే పుట్టిన నేను! ఆ ప్రశ్న చదివినప్పుడల్లా నా మనసులో మెదిలేది పశువుల డాక్టర్లు, కబేళాలో పనిచేసేవాళ్లు. గొర్రెలుండటం మా ఇళ్లలో ఒక సంబంధం కాదు, ఊరికే బతకడం.

టైము చూశాను. పదకొండు దాటింది. ఐదు రోజులు నిండిన సీసాలను అన్న పదింటికల్లా ఆటోక్లేవ్‌లో వేస్తాడు. దొడ్డిలో సిగ్నల్ లేదు. మిద్దె మెట్లు రెండేసి ఎక్కి పైకి పోయి ఫోన్ చేశాను. మూడుసార్లు మోగింది, ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తాడు.

"అన్నా, మా అక్క సీసా యాడుండాది?"

"ఐదు రోజులైపాయ కదమ్మా. పారేసే బకెట్‌లో ఏసినా."

"ఆటోక్లేవ్‌లో పెట్టినావా?"

"ఏమి పెట్టేది? నీళ్లు యాడుండాయి? నిన్నటి నుంచి ట్యాంకర్ రాలే. బకెట్ ఆడనే ఉండాది."

నీళ్ల ట్యాంకర్ రాలేదని నెలకు నాలుగుసార్లు పై అధికారులతో గొడవ పడే మనిషిని నేను. ఆ రోజు మాత్రం ఆ డ్రైవర్ ఎదురుగా ఉంటే కాళ్లకు మొక్కేదాన్ని.

"మూత బిగువుగా ఉండాదేమో చూడన్నా. ఉంటే తీసి మళ్లీ ఇంక్యుబేటర్‌లో పెట్టు. మూత మాత్రం తియ్యద్దు. ముక్కు దగ్గర పెట్టుకోవద్దు," అన్నాను.

"ఏమ్మా, అంత చెడ్డదా?"

"మనల్నే పట్టుకుంటుంది."

నిజమే, ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు బ్రూసెల్లా చాలా తేలిగ్గా అంటుకుంటుంది, గాలిలోంచి కూడా. క్రిములు పెరిగిన ప్లేటు మూత ఎత్తి వాసన చూసి పేరు చెప్పడం నాకు పాత అలవాటు, అందులో పోటీ లేదని పేరు కూడా. ఆ రోజుతో మానేశాను.

సోమవారం డాక్టరమ్మ దగ్గరికి పోయి మొత్తం చెప్పాను, ఫారం సంగతితో సహా. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. రక్తం పెద్ద ల్యాబ్‌కు పంపి ఈ క్రిమి యాంటీబాడీలు చూపించమంది. జవాబు ఎటూ తేలకుండా వచ్చింది: కొంచెం ఉన్నాయి, ఖాయంగా చెప్పలేము. గొర్రెల మధ్య బతికేవాళ్లం, మా వైపు ఎవరి రక్తం చూసినా కొంచెం ఉంటాయిలే.

"రెండు వారాలు ఆగుతాను. అంతకు మించి ఆ వెన్నును మందు లేకుండా వదల్లేను," అంది డాక్టరమ్మ.

అక్కను ఆసుపత్రిలోనే పెట్టాం. రోజూ పొద్దున సీసాను వెలుతురుకు ఎత్తి చూసేదాన్ని. ఆరో రోజు తేట. ఎనిమిదో రోజు తేట. తొమ్మిదో రోజు రాత్రి అక్క చలికి వణుకుతూ నా చేయి పట్టుకుంటే, టీబీ మందులే ఇచ్చి ఉండాల్సిందేమో అని భయపడ్డాను. ఇన్నేళ్లలో నా పని మీద నాకు అంత అనుమానం ఎప్పుడూ కలగలేదు. పదకొండో రోజు సీసా అడుగున సన్నని మబ్బు లాంటిది కనబడింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. ఉంది.

మాస్కూ గ్లవ్స్ వేసుకుని, జాగ్రత్తగా సూదితో ఒక్క చుక్క తీసి, స్లైడు మీద రంగులద్ది చూశాను. ఎర్రగా, సన్న ఇసుక చల్లినట్టు చుక్కలు. నాకు చాలు. కానీ నాకు చాలితే సరిపోదు, ఆ పాఠం అప్పటికే అయింది. సీసాను మూడు పొరల్లో ప్యాక్ చేసి పెద్ద ల్యాబ్‌కు పంపాను. వాళ్లు అదే పేరు రాసి పంపారు. ఆ సాయంత్రమే డాక్టరమ్మ అసలు మందులు మొదలుపెట్టింది. మూడు నెలలు వాడాలంది.

వారానికి జ్వరం తగ్గింది. అక్క దిండుకు ఆనుకుని కూర్చుని అన్నం తినగలిగిన రోజు ఫారం సంగతి చెప్పేశాను. నేను అడగకుండానే లేదు అని రాశానని, అందువల్లే అన్ని నెలలు నరకం చూసిందని.

అక్క నమలడం ఆపలేదు. "నువ్వు అడిగింటే మటుకు నేనేం చెప్తాంటి? నేనూ లేదనే చెప్తాంటి. సంతలో పశువుల బేరం చేసేటోళ్లను అడిగే మాట అనుకుంటాంటి."

ఓదార్చడానికి అన్న మాట కాదది. అక్కకు ఓదార్చడం రాదు. ఆ మాటతో నాకు అసలు సంగతి తెలిసొచ్చింది. ఆ సాయంత్రం బీరువాలోంచి పాత ఫారాల కట్టలు దించాను. ముదిగుబ్బ, నల్లమాడ, తనకల్లు, అన్నీ గొర్రెల ఊళ్లు. ప్రతి కాగితం మీదా ఆ గడిలో "లేదు." కొన్ని వాళ్లు చెప్పినవి, చాలా మటుకు నేను రాసినవి. వాళ్లలో ఎంతమంది టైఫాయిడ్ మందులు మింగుతూ నడుములు పట్టుకుని తిరిగారో నాకు ఎప్పటికీ తెలియదు. సిగ్గేసింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు, పోవాలని నేనూ అనుకోవడం లేదు.

ఇప్పుడు ఆ ప్రశ్న అట్లా అడగను. "ఈ ఏడు మీ గొర్రెలు ఎన్ని ఈసుకపోయినాయి?" అంటాను. ఎవరూ తడుముకోరు. రెండని ఒకరు, ఆరని ఇంకొకరు, ఏ గొర్రె, ఏ నెల, దాని రంగేమిటో కూడా చెబుతారు. అట్లాంటివాళ్ల సీసాలను మూడు వారాలు ఉంచుతాను. కిటికీ దగ్గర జనానికి పాఠాలు చెప్పడం మాత్రం ఆపలేదు.

చలికాలానికి అక్క నడిచింది. పశువుల డాక్టరు వచ్చి మంద రక్తం చూసి, జబ్బున్నవాటిని వేరు చేయించాడు. పాలు కాచకుండా తాగొద్దన్నాడు, ఈసుకపోయినవాటిని సున్నం వేసి పూడ్చమన్నాడు. గ్లవ్స్ నేనే పెట్టెలకొద్దీ తీసుకుపోయి ఇచ్చాను. ఇంకెప్పుడూ గొర్రెపిల్లకు నోరు పెట్టనని అక్క చేత ఒట్టు వేయించుకున్నాను.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం నేను అక్కడ ఉన్నప్పుడే ఒక గొర్రె ఈనింది. పిల్ల బాగా పెద్దది, మగది. ఊపిరి లేదు. అక్క గ్లవ్స్ చేతులతో దాని మూతి తుడిచింది. వెనక కాళ్లు పట్టి తలకిందులుగా ఊపింది. ముక్కులో గడ్డిపోచ పెట్టి కదిలించింది. డొక్కలు రుద్దింది. నేను చేతనైన సాయం చేశాను. పిల్ల ఒకసారి అదిరింది, మళ్లీ కదల్లేదు. అక్క దాని మూతి వైపు వంగి, నా వైపు చూసి, ఆగిపోయింది. ఆ చూపులో ఏమడుగుతోందో నాకు తెలుసు. నేను తల అడ్డంగా ఊపాను.

"ఇట్లాంటిది ఇంతకుముందు నా చేతిలో ఒగటీ సావలే," అంది.

"తెలుసక్కా."

"నువ్వు లేకుంటే ఊదుతాంటి."

"అందుకే వస్తాండా."

అక్క పిల్లను గోనెసంచిలో చుట్టి తనే తీసుకుపోయి పూడ్చింది, పైన సున్నం చల్లింది. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. తల్లి గొర్రె పొద్దుగూకేదాకా పిల్ల కోసం అరుస్తూనే ఉంది. అక్క గోడ పట్టుకోకుండా, నడుము పట్టుకోకుండా, అంతసేపూ దాని పక్కనే నిలబడింది.